ఈసారి ఎవరినీ ట్యాగ్ చెయ్యలేదు

నాన్న మొన్న సాయంత్రం ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చారు, 31 రోజుల తర్వాత. చివరి రిపోర్టులో ప్లేట్‌లెట్ (రక్తం గడ్డకట్టించే కణాలు) కౌంట్ లక్ష దాటింది. అదీ ఎవరివీ ఎక్కించకుండా, తనంతట తానే పెరిగింది. మొదటి విడత కీమో గట్టెక్కినట్టే, ఇంకా కొన్ని విడతలు ఉన్నాయన్నారు డాక్టర్. అందరికీ చెప్పాల్సిన కబురు ఇది. చెప్పేశాను.

ఇక కృతజ్ఞతల సంగతి. ఈ పోస్టు రాయడం ఇది నాలుగోసారి. మొదటిసారి 32 పేర్లు రాశాను. ఆ వరస ఎలా వచ్చిందా అని చూసుకుంటే, వచ్చే ఎన్నికల్లో ఎవరు ఎంత పనికొస్తారో ఆ లెక్కన వచ్చింది. చెరిపేశాను. రెండోసారి కన్నీళ్లు ఎక్కువయ్యాయి. మూడోది చాలా బాగా కుదిరింది, అందుకే తీసేశాను.

నన్ను ఎరిగినవాళ్లకి నా సంగతి తెలుసు. విద్యార్థి సంఘం అధ్యక్షుణ్ణి. నేను ఎవరి గదికైనా వెళ్తే "ఊరక రారు మహానుభావులు" అని నవ్వేవాళ్లు. నేనూ నవ్వేవాణ్ణి, ఎందుకంటే అది నిజం. "అన్నకి ఎంత జ్ఞాపకశక్తో, ఒక్కసారి చెప్తే మర్చిపోడు" అని కూడా అనేవాళ్లు. అది మాత్రం అబద్ధం. నా ఫోన్‌లో ఒక షీటు ఉంది. పేరు, బ్రాంచి, గది నంబరు, పుట్టినరోజు, ఇంట్లో ఎవరికి ఏం బాగాలేదు. చివరి కాలమ్ పేరు "ఉపయోగం". ఎవరైనా ఎదురొస్తుంటే టైమ్ చూసుకుంటున్నట్టు ఫోన్ తీసి, వాళ్ల వరస చూసుకుని, తల ఎత్తి నవ్వేవాణ్ణి. బరువులు మోసేవాణ్ణి కూడా, నలుగురూ చూస్తున్నప్పుడు.

నాన్నకి అక్యూట్ లుకేమియా, అంటే వేగంగా ముదిరే రక్త క్యాన్సర్, అని తేలిన రోజు కూడా నా బుర్ర అలాగే పనిచేసింది. కీమో మొదలైతే ఎముక మజ్జలో కొత్త కణాల తయారీ ఆగిపోతుంది, అది కోలుకునేదాకా ప్లేట్‌లెట్లు బయటినుంచి ఎక్కించాలి అన్నారు. మామూలుగా లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా ఉండాలి. 10 వేలకన్నా తగ్గితే రక్తం కారకపోయినా ఎక్కించాల్సిందే. నేనే ఇస్తానన్నాను. వద్దన్నారు. ముందు ముందు మజ్జ మార్పిడి చెయ్యాల్సి వస్తే సొంతవాళ్ల రక్తం అప్పటికే ఎక్కించి ఉండటం ఇబ్బంది అవుతుందట. అంటే బయటివాళ్ల మీద ఆధారపడాలి. జనాన్ని పోగెయ్యడం నాకు కొత్తా? నాన్న చెయ్యి పట్టుకున్న ఫోటో పెట్టి అన్ని గ్రూపుల్లోనూ మెసేజ్ వేశాను. ఆ ఫోటో కోసం కిటికీ వైపు వెలుతురులోకి జరిగి కూర్చున్నాను, అదీ చెప్పేస్తున్నాను.

మర్నాడు పొద్దున బ్లడ్ బ్యాంక్ ముందు నలభై మంది. నా ఛాతీ పొంగింది. అక్కడి టెక్నీషియన్ బయటికొచ్చి చూసి, "ఇంతమంది ఇవాళే ఎందుకు బాబూ? ఒక్కరు చాలు" అన్నాడు. ప్లేట్‌లెట్లు ఫ్రిజ్‌లో పెట్టరు. మామూలు గది చల్లదనంలో, అటూ ఇటూ ఊగే ట్రేల మీద పెడతారు. అలా పెట్టినా ఐదు రోజులకి మించి ఉండవు. ఇవాళ ఒకరు, ఎల్లుండి ఒకరు, ఆ తర్వాత ఇంకొకరు, ఇలా నెలంతా రావాలి. ఒక్కొక్కరూ రక్తంలోంచి ప్లేట్‌లెట్లు మాత్రమే తీసే మిషన్ దగ్గర గంటన్నర, రెండు గంటలు పడుకోవాలి. గుంపుతో పని లేదు. అందరూ ఫోటోలు దిగి వెళ్లిపోయారు. వాళ్లని తప్పుపట్టను, వాళ్లకి ఆ అలవాటు నేర్పింది నేనే.

నాలుగో రోజు రాత్రి పదింటికి నాన్న కౌంట్ 8 వేలు. చిగుళ్లలోంచి రక్తం. 26 మందికి ఫోన్ చేశాను. ఎత్తినవాళ్లలో సగం మంది "ఎల్లుండి చూద్దాం అన్నా" అన్నారు. ఆ మాట అనే తీరు విని గుర్తుపట్టాను. అది నా తీరే.

పదకొండు దాటాక మెసేజ్ వచ్చింది. నామీద పోటీ చేసి ఓడిపోయిన అమ్మాయి నుంచి. "పొద్దున 7కి ఒకతను వస్తాడు. మిగతా రోజులకి షీట్ పంపిస్తున్నా." ఆమె షీట్‌లో కాలమ్స్ ఇవి: పేరు, బ్లడ్ గ్రూపు, చివరిసారి ఎప్పుడిచ్చారు, మూడు రోజుల్లో ఆస్ప్రిన్ వేసుకున్నారా, ఎలా వస్తారు, ఎలా తిరిగి వెళ్తారు. ఆ చివరి కాలమ్‌ని చాలాసేపు చూశాను.

ఫోన్ చేసి "నీకేం కావాలి?" అని అడిగాను. బేరం మాట్లాడుకుందామనే అడిగాను. "మీ నాన్నకి తగ్గాలి. ఫోటోలు వద్దు, ఆయన ఇంటికొచ్చేదాకా పోస్టులు వద్దు" అని పెట్టేసింది. ఆ జవాబులో మెలిక ఎక్కడుందా అని గంటసేపు వెతికాను.

మొత్తం 14 మంది వచ్చారు. అందులో నా షీట్‌లో ఉన్నవాళ్లు ముగ్గురే. ఆ ముగ్గురిలో ఒక జూనియర్ గురించి చెప్పాలి. అతను మిషన్ పక్కన పడుకుని రబ్బరు బంతి నొక్కుతున్నాడు. నేను అలవాటుగా తలుపు బయటే ఫోన్ చూసుకుని, లోపలికెళ్లి భుజం మీద చెయ్యేసి అడిగాను.

"ఎలా ఉన్నావు తమ్ముడూ? అమ్మగారి మోకాళ్ల నొప్పి తగ్గిందా?"

"అమ్మ పోయి ఐదు నెలలైందన్నా."

కోపంగా అనలేదు. మామూలుగానే అన్నాడు. మిషన్ తన పని తాను చేసుకుపోతోంది. తెర మీద ఇంకా 68 నిమిషాలని ఉంది. నాకు నోట మాట రాలేదు. అలాంటప్పుడు వాడుకోవడానికి నా దగ్గర నాలుగైదు వాక్యాలు ఎప్పుడూ రెడీగా ఉంటాయి, ఒక్కటీ పైకి రాలేదు. కాసేపటికి అతను పెదాలు జివ్వుమంటున్నాయన్నాడు. రక్తం గడ్డకట్టకుండా కలిపే మందు వల్ల అలా అవుతుందని నర్సు క్యాల్షియం బిళ్ల ఇచ్చింది. రెండు చేతులూ ఖాళీ లేవు కాబట్టి నేనే నోట్లో పెట్టాను. అప్పుడు అడిగాడు, "నీకు భయంగా ఉందా అన్నా?" అని. అన్ని రోజుల్లో ఆ మాట ఎవరూ అడగలేదు. "లేదురా, ధైర్యంగా..." అని మొదలుపెట్టి, మధ్యలో ఆగి, "ఉంది" అన్నాను. మిగతా గంటా అతను వాళ్లమ్మ గురించి చెప్పాడు, నేను విన్నాను. ఏం చెప్పాడో ఇక్కడ రాయను. ఒకప్పుడైతే రాసేవాణ్ణి, లైకులు బాగా వచ్చేవి.

ఇంకొకటి చెప్పకపోతే ఈ పోస్టుకి అర్థం లేదు. పోయినేడాది మనం పెట్టిన రక్తదాన శిబిరంలో నా ఫోటో చాలామంది షేర్ చేశారు. ఆ సూది నా చేతికి గుచ్చలేదు. పడుకున్నాను, టేపు అంటించుకున్నాను, ఫోటో దిగి లేచి వచ్చేశాను. సూదంటే భయం. ఆ రోజు రిజిస్టర్ రాసింది ఆ అమ్మాయే. నా పేరు పక్కన సంతకం గడి ఖాళీగా ఉంచింది. ఎన్నికలప్పుడు ఆ ఒక్క మాట బయటపెడితే నేను ఓడిపోయేవాణ్ణి. ఎత్తలేదు. ఎందుకు ఎత్తలేదని ఇప్పటికీ అడగలేదు, ఇకముందు కూడా అడగను. ఆ ఫోటో చూసి నాకు ఓటేసినవాళ్లందరినీ క్షమించమని అడుగుతున్నాను.

14 మందికీ, రాత్రి డ్యూటీలో నాన్న నుదురు తుడిచిన నర్సుకీ, నా మొహం చూసి తన కుర్చీ ఇచ్చేసిన పక్క బెడ్ వాళ్ల పెద్దాయనకీ, "ఒక్కరు చాలు" అన్న టెక్నీషియన్‌కీ నా థ్యాంక్స్. పేర్లు రాయడం లేదు. ఒక్కొక్కరి దగ్గరికీ విడిగా వెళ్తున్నాను, ఇప్పటికి తొమ్మిది మందిని కలిశాను. ఇద్దరు సరిగ్గా మాట్లాడలేదు, దానికి వాళ్ల కారణాలు వాళ్లకున్నాయి.

నా షీటు డిలీట్ చేశానని రాస్తే బాగుంటుంది. చెయ్యలేదు. చివరి కాలమ్ మాత్రం తీసేశాను. పుట్టినరోజులు ఉంచుకున్నాను. అవి గుర్తుపెట్టుకోవడం నాకు నిజంగానే ఇష్టమో, అలవాటో ఇంకా తేల్చుకోలేదు.

పక్క బెడ్ అబ్బాయికి ఈ వారం మూడు సార్లు ప్లేట్‌లెట్స్ కావాలి. ఆ షీటు కూడా ఆమే వేస్తోంది. నిన్న నాకు ఫోన్ చేసి బ్లడ్ గ్రూపు అడిగింది, ఆస్ప్రిన్ వేసుకున్నావా అని అడిగింది. గురువారం పొద్దున 7కి నా పేరు రాసుకుంది. సూదంటే భయమని చెప్పాను. "తెలుసు" అంది. తర్వాత, తిరిగి ఎలా వెళ్తావని అడిగింది. బస్సులో అన్నాను.