దిండ్ల లెక్క అడిగిన ఆశా కార్యకర్తకు

మా నాన్న నిన్న ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చారు, చెప్పులు వేసుకుని. రెండు నెలలుగా ఆ చెప్పులు ఆయన కాళ్లకు పట్టలేదు.

సాయంత్రమయ్యేసరికి రెండు చీలమండలూ ఉబ్బేవి. ముప్ఫై ఏళ్లు బస్సులో నిలబడి టికెట్లు కొట్టిన కాళ్లు కదా, వయసు మీద పడిందనుకున్నాం. తెలిసినవారొకరు నొప్పి మాత్రలు ఇచ్చారు. అవి ఒంట్లో ఉప్పునూ నీటినీ ఇంకా నిలవ చేస్తాయని మాకప్పుడు తెలియదు.

బీపీ చూడటానికి మా వీధికి వచ్చిన ఆశా కార్యకర్త నాన్న ముంగాలి ఎముక మీద బొటనవేలితో కాసేపు నొక్కి పట్టుకున్నారు. వేలు తీశాక గుంట అలాగే ఉండిపోయింది. అప్పుడు అడిగారు: “బాబాయ్, రాత్రి ఎన్ని దిండ్లు వేసుకుంటున్నారు?” నాన్న పలకలేదు. అమ్మే చెప్పింది, ఒకటి కాస్తా మూడయ్యాయని, అర్ధరాత్రి ఆయాసంతో లేచి కిటికీ దగ్గర కూర్చుంటున్నారని. పక్క గదిలో పడుకునే నాకు ఆ సంగతే తెలియదు! “రేపటిదాకా ఆగకండి” అని ఆమె మాతోపాటే ఆటో ఎక్కారు. ఆ ఆటో నడిపిన ఎదురింటి తమ్ముడు ఇప్పటికీ డబ్బు తీసుకోలేదు.

డాక్టరు గారు ఓపికగా ఒక్కొక్కటే చూశారు. ఒక్క పిక్కే వాచి నొప్పిగా ఉంటే సిరలో రక్తం గడ్డ కట్టిందేమోనని అనుమానించాలట. పొద్దున్నే కళ్ల కింద ఉబ్బుతోందా, మూత్రం నురగగా వస్తోందా అని అడిగి కిడ్నీల పరీక్షలు చేయించారు. అమ్లోడిపిన్ అనే బీపీ మాత్రతోనూ కొందరికి కాళ్లు వాస్తాయట. నాన్న అది వాడటం లేదు. చివరకు ఎకో అనే గుండె స్కానింగులో బయటపడింది. 55 శాతానికి తగ్గకుండా ఉండాల్సిన గుండె పంపింగ్ 30కి పడిపోయింది. పగలంతా కాళ్లలోకి దిగిన నీరు, పడుకోగానే ఊపిరితిత్తుల మీద భారం వేస్తోంది.

రోజూ ఉదయం బరువు తూచి రాసిన నర్సమ్మలకు దండాలు. నీరు తీసే మందులతో ఎనిమిది రోజుల్లో ఆరు కిలోలు తగ్గారు. ఇక ఇంట్లో తూకం మా పని. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే వెంటనే రమ్మన్నారు. ఉప్పు రోజుకు చెంచాడు లోపే. ఆవకాయ జాడీ అక్క ఇంటికి తరలించినందుకు నాన్న నాతో సరిగ్గా మాట్లాడటం లేదు.

నిన్న సాయంత్రం ఆమె మళ్లీ వచ్చి కాలు నొక్కి చూశారు. “దిండ్లు?” అన్నారు. “ఒకటే” అన్నారు నాన్న దర్జాగా. వెనక నుంచి అమ్మ రెండు వేళ్లు చూపించింది.