ఈ జూన్‌లో చంద్రతాల్‌కు వెళ్లడం లేదు: లాహుల్ సైకిల్ యాత్రకు పేరిచ్చిన అందరికీ

జూన్‌లో హిమాచల్ ప్రదేశ్‌లోని లాహుల్, స్పితి కొండల్లో మౌంటెన్ బైక్ యాత్రకు విజయనగరంలోని మా సైకిల్ దుకాణంలో పేరు రాయించుకుని, అడ్వాన్సు కట్టి, సమతా ఎక్స్‌ప్రెస్‌లో టికెట్లు కూడా తీసుకున్న మీకు ఈ సంగతి మరొకరి నోట తెలియకూడదని నేనే రాస్తున్నాను. కుంజుమ్ కనుమ నుంచి చంద్రతాల్ సరస్సుకు సైకిళ్ల మీద దిగే భాగాన్ని ఈ యాత్ర నుంచి తీసేశాను. బయలుదేరే తేదీ మారలేదు. దారి మారింది, సైకిళ్లు మారాయి. ఆ రెండింటికీ కారణాలు వేరు కనుక విడివిడిగా చెబుతాను.

మొదటిది మంచు. గత వారం మనాలీ వెళ్లి, అక్కడి డ్రైవరు ఒకరిని తోడు తీసుకుని పైదాకా చూసి వచ్చాను. గ్రంఫూ నుంచి ఛత్రు, ఛోటా దర్రా మీదుగా బాతల్ వరకు సరిహద్దు రహదారుల సంస్థ వారు మంచు తీసి, ఒక వాహనం పట్టేంత దారి చేశారు. కుంజుమ్ మీద కూడా రోడ్డు తెరిచారు. ఆ వార్త చూసి మీలో కొందరు సంతోషంగా ఫోన్లు చేశారు. అయితే జీపులు తిరిగే రోడ్డు వేరు, మనం తొక్కవలసిన బాట వేరు. 4,551 మీటర్ల ఎత్తున ఉన్న కుంజుమ్ నుంచి సుమారు 4,250 మీటర్ల దగ్గరున్న చంద్రతాల్ వరకు కొండవాలు పట్టుకుని సాగే ఆ కాలిబాట మీదికి ఏ యంత్రమూ రాదు, అక్కడి మంచును ఎండే తీయాలి. ఆ వాలు కోసుకుపోయిన ప్రతి మడతలోనూ ఇంకా పాత మంచు నిండి ఉంది. తెల్లవారుజామున దాని మీద నడిస్తే బూటు అచ్చు కూడా పడలేదు, పది దాటాక అదే చోట సైకిల్ చక్రం ఇరుసు దాకా దిగబడింది. పొద్దున జారితే చంద్రా నది వైపు వాలులో ఆపుకునే ఆధారం లేదు, మధ్యాహ్నం దిగబడితే ముందుకూ వెనక్కూ కదలలేము.

గెడ్డల, అంటే కొండవాగుల, సంగతి కూడా చెప్పాలి. మన వేగావతి, సువర్ణముఖి వానకు పొంగుతాయి, అక్కడి గెడ్డలు ఎండకు పొంగుతాయి. పగలంతా కరిగిన మంచు నీరు మధ్యాహ్నం దాటాక కిందికి చేరుతుంది కనుక, పొద్దున పిక్కల లోతున దాటిన గెడ్డే సాయంత్రం నడుము లోతున రాళ్లను దొర్లించుకుంటూ వస్తుంది. పొద్దున మంచు మీద జారకుండా కాస్త పొద్దెక్కాక బయలుదేరితే గెడ్డల దగ్గర చిక్కుకుంటాము, గెడ్డల కోసం చీకటితో బయలుదేరితే మంచు మీద జారతాము. జూన్‌లో ఈ చిక్కు విడదీసే వేళ నాకు కనబడలేదు.

ఇక సైకిళ్లు. ఈ విషయంలో నా బాధ కొంచెం పెద్దది, కొంత వివరంగా చెప్పడానికి మీరు ఓపిక పట్టాలి. అద్దె సైకిళ్ల కోసం మనాలీలోని ఒక వ్యాపారితో ఫిబ్రవరిలోనే కాగితం రాసుకున్నాను. హైడ్రాలిక్ (గొట్టంలోని ద్రవం ఒత్తిడితో పనిచేసే) డిస్క్ బ్రేకులు ఉండాలి, రోటర్లు (చక్రంతో తిరిగే బ్రేకు పళ్లాలు), వాటిని నొక్కి ఆపే ప్యాడ్‌లు కొత్తవి కావాలి, ట్యూబ్‌లెస్ టైర్లు ఉండాలి అని ఒక్కొక్కటీ రాయించి, ఫొటోలు తెప్పించుకుని, సగం సొమ్ము ముందే పంపాను. తీరా వెళ్లి చూస్తే ఫొటోల్లోని సైకిళ్లు వేరు, షెడ్డులో ఉన్నవి వేరు. ముందు చక్రాన్ని ఎత్తి చేత్తో తిప్పితే ఒక చుట్టు కూడా తిరగకుండా ఆగిపోయింది. బ్రేకు లీవరు నొక్కి వదిలితే మెల్లగా, సగం దూరమే వెనక్కి వచ్చింది. నా వెంట తీసుకెళ్లిన వెర్నియర్ కాలిపర్‌తో రోటరు మందం కొలిచాను. 1.5 మిల్లీమీటర్లకు అరిగితే మార్చెయ్యమని దాని మీదే చెక్కి ఉంది, అది 1.3 దగ్గర ఉంది.

అంతటితో అయిపోయినా సర్దుకునేవాడినేమో. లీవరు దగ్గర ద్రవం మార్చడానికి ఉండే బ్లీడ్ మర విప్పితే లోపలి నుంచి ఎర్రటి మినరల్ ఆయిల్‌కు బదులు పసుపుపచ్చ ద్రవం వచ్చింది. మోటారు సైకిళ్లలో పోసే డాట్ ఫ్లూయిడ్ అది. మినరల్ ఆయిల్ కోసం చేసిన బ్రేకులో ఆ ద్రవం పోస్తే లోపలి రబ్బరు సీళ్లు ఉబ్బిపోతాయి, పిస్టన్లు బిగుసుకుని వెనక్కి పోవు, దిగుడులో వేడెక్కిన బ్రేకు ఏ మలుపు దగ్గర చేతులెత్తేస్తుందో తెలియదు. సైకిల్ మరమ్మతు నేర్చుకునే కుర్రవాడికి మొదటి నెలలోనే చెప్పే జాగ్రత్త ఇది. ఆ సంగతి ఆ వ్యాపారితో అంటే, అందరూ ఇవే తీసుకెళుతున్నారని, సముద్రం పక్కన పంక్చర్లు వేసుకునే వాళ్లకు కొండ సంగతి ఏం తెలుసునని ఆయన నా ముఖం మీదే అన్నాడు.

నేను పంక్చర్లు వేసేవాడినే. మా నాన్నగారు గంటస్తంభం దగ్గర పంక్చర్లు వేసి మమ్మల్ని చదివించారు, ఆ పని చేతిలో ఉండబట్టే ఆ బ్రేకులో ఉన్నదేమిటో కంటితో చూసి చెప్పగలిగాను. ఆ వ్యాపారి మాటకు అక్కడ నేను బదులు చెప్పలేదు. ఒక్క సైకిలూ తీసుకోకుండా బయటికి వచ్చాను. అడ్వాన్సు తిరిగి ఇవ్వనన్నాడు. దాన్ని రాబట్టుకోవడం నా పని, దానితో మీకు సంబంధం లేదు, దాని భారం మీ మీద ఒక్క రూపాయి కూడా పడదు.

అందుకని అనంతగిరి ఘాట్‌లో మీరు ఇంతకాలం తొక్కిన మన దుకాణం సైకిళ్లనే ఈసారి మనాలీకి పంపుతున్నాను. వాటిలో మెత్తటి రెజిన్ ప్యాడ్‌లు తీసి, లోహపు పొడితో చేసిన సింటర్డ్ ప్యాడ్‌లు వేస్తున్నాము. రాతిపొడి కలిసిన మంచు నీటిలో రెజిన్ ప్యాడ్‌లు త్వరగా అరిగిపోతాయి. కొన్నిటి రోటర్లు రెజిన్‌కు మాత్రమే పనికివచ్చేవి కనుక వాటిని కూడా మారుస్తున్నాము. మీ సీటు ఎత్తు, హ్యాండిల్ దూరం మా రిజిస్టరులో ఉన్నాయి, కాబట్టి అక్కడ దిగాక కొత్త సైకిల్‌కు అలవాటు పడే పని ఉండదు.

నాకు నిద్ర పట్టనివ్వని ఆలోచన మాత్రం సైకిళ్ల గురించి కాదు. సైకిళ్లను వదిలేసి, మిమ్మల్ని జీపులో బాతల్ దాకా తీసుకెళ్లి, అక్కడి నుంచి ఎంతవరకు వీలైతే అంతవరకు నడిపించి చంద్రతాల్ చూపించి తీసుకురావచ్చు గదా అన్నదే ఆ ఆలోచన. పార్వతీపురం నుంచి వస్తున్న మాస్టారు ఒకరు ఉద్యోగ విరమణ తరువాత ఆ ఒక్క సరస్సు చూడాలనే మాతో ఘాట్ రోడ్లన్నీ ఎక్కారు. ఆయన ముఖం గుర్తుకు వచ్చిన ప్రతిసారీ నా నిర్ణయం సడలింది. తీసుకెళదామని ఒక రాత్రి నిశ్చయించుకుని డ్రైవరుకు చెప్పాను కూడా. మర్నాడు మళ్లీ లెక్క వేసుకున్నాను. మనది సముద్ర మట్టానికి వంద మీటర్లు కూడా లేని ఊరు. మూడు వేల మీటర్లు దాటాక పడుకునే చోటు రోజుకు ఐదు వందల మీటర్లకు మించి పెంచకూడదని కొండ వైద్యులు చెబుతారు. చంద్రతాల్ దగ్గర గాలి పీడనం మన ఊళ్లో ఉన్నదానిలో పదింట ఆరు వంతులే ఉంటుంది. అక్కడ ఎవరికైనా ఊపిరి అందకపోతే చేయవలసిన మొదటి పని వెంటనే కిందికి దించడం, ఆ దించే దారిలోనే సాయంత్రపు గెడ్డలు ఉన్నాయి. ఫోన్ సిగ్నల్‌ను నమ్ముకోవడానికి కూడా లేదు. ఇది తెలిసి మాస్టారిని అక్కడ నిలబెట్టలేను. ఇతర బృందాలు వెళుతున్నాయని, నేను భయస్తుడినని అనుకునేవారు అనుకోవచ్చు. ఈ విషయంలో ఎవరు ఎంత చెప్పినా నా మాట మారదు.

మారిన దారి చప్పనిదని అనుకోకండి. 2020 అక్టోబరులో ప్రారంభించిన 9.02 కిలోమీటర్ల అటల్ సొరంగం వచ్చాక, 3,978 మీటర్ల రోహ్తాంగ్ కనుమ మీద మంచు ఉన్నా లాహుల్ చేరడం కష్టం కావడం లేదు. సొరంగం దూరాన్ని వాహనంలోనే దాటి సిస్సూలో రెండు రాత్రులు ఆగుతాము, ఒంటికి ఎత్తు అలవాటు కావాలి. అక్కడి నుంచి చంద్రా, భాగా నదులు కలిసే తాండీ వరకు, ఆపైన పట్టన్ లోయలో త్రిలోక్‌నాథ్, ఉదయపూర్ వరకు వెళతాము. ఆ త్రిలోక్‌నాథ్ గుడిలో హిందువులు, బౌద్ధులు ఒకే మూర్తికి మొక్కుతారు. తిరుగు దారిలో కేలాంగ్, జిస్పా, దార్చా. ఎండ తగిలే వాలుల మీద ఊరికీ ఊరికీ మధ్య ఉన్న బాటలు చాలావరకు ఆరిపోయాయి, వాటిని నేను తొక్కి చూశాను. బఠాణీ, బంగాళాదుంప పొలాల గట్ల వెంట, సాగునీటి కాలువల పక్కన సాగే ఆ సన్నటి బాటలు సైకిల్ మీద ఎంతో హాయిగా ఉన్నాయి. ఒక్కటే మనవి: ఎక్కడైనా బాట ఇంకా తడిగా ఉంటే దిగి నడిపించాలి. అంత ఎత్తున గడ్డి మొలవడానికి ఎంతో కాలం పడుతుంది, ఒకసారి పడిన చక్రపు గాడి వెంట నీరు పారి బాటనే కోసేస్తుంది. గట్లు రైతులవి, వారు ఆగమంటే ఆగాలి.

ఈ మార్పు ఇష్టం లేనివారికి మొత్తం సొమ్ము వారం రోజుల్లో తిరిగి ఇస్తాను. రైలు టికెట్టు రద్దు చేసుకుంటే కోత పడే సొమ్ము కూడా నేనే ఇస్తాను, టికెట్టు కాపీ తెస్తే చాలు. చంద్రతాల్ కోసమే పేరిచ్చినవారి స్థానాలను, కట్టిన ధరకే, సెప్టెంబరు మొదటి పక్షానికి మార్చి ఉంచుతాను. అప్పటికి ఆ కాలిబాట మీద మంచు పోతుంది, గెడ్డలు తగ్గుతాయి. రాత్రి చలి మాత్రం గడ్డకట్టించేలా ఉంటుంది, కాబట్టి మందపాటి స్లీపింగ్ బ్యాగులు నేను సమకూరుస్తాను. పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి చాలా ముందే అందరూ ఇళ్లకు చేరతారు. మాస్టారి పేరు ఆ జాబితాలో మొదట రాశాను, వద్దంటే ఆయనే వచ్చి కొట్టేయాలి.

జూన్ యాత్రకు వచ్చేవారు ఈ ఆదివారం ఉదయం దుకాణానికి వచ్చి తమ సైకిల్ బ్రేకు లీవరును స్వయంగా నొక్కి చూసుకోవలసిందిగా కోరుతున్నాను. బ్రేకులు విప్పి చూడాలన్నా విప్పి చూపిస్తాను. సోమవారం సైకిళ్లు పార్శిల్‌కు వెళ్లిపోతాయి.