నీళ్లు కావవి, అక్షరాలు

సంపాదకుడు గారికి నమస్కారం.

మీ ఆదివారం పేజీలో వేసిన స్టీలు శిల్పం ఫొటో చూశాను. బిందెడు నీళ్లు గాల్లోకి విసిరితే అక్కడే ఆగిపోయినట్టుంది. కింద 'చైనా కళాకారుడి నీటి చిందులు' అని ఒక్క ముక్క రాసి వదిలేశారు. అసలు సంగతి అందులో లేదు. దాన్ని చేసినాయన జెంగ్ లూ, 1978లో పుట్టాడు. ఆ నీళ్లన్నీ చైనీస్ అక్షరాలే, వేలల్లో!

చిన్నప్పటి నుంచీ కుంచెతో అక్షరాలు దిద్దిన మనిషి ఆయన. స్టెయిన్‌లెస్ స్టీలును లేజర్‌తో అక్షరాలుగా కోసి, ప్లాస్టర్ అచ్చు మీద వేడితో వంచి, ఒకదానికొకటి అతికిస్తాడు. రాసిందీ ఏదో ఒకటి కాదు. సుమారు 1,200 ఏళ్ల కిందటి కవి బై జూయీ, నిలకడ నీటి మీద చెప్పిన కవిత. లోకానికి మేలు చేయాలంటే పారే నీరు, ముఖం చూసుకోవాలంటే నిలిచిన నీరు అని అందులో ఒక మాట. నిలిచిన నీటి కవితతో ఎగిరిపడే నీళ్లు చేశాడు చూడండి, అదీ కొంటెతనం.

నాకెందుకింత పట్టింపంటే, 30 ఏళ్లు బోర్డులు రాసి, ఫ్లెక్సీలొచ్చాక బ్రష్ కడిగి పెట్టేసినవాణ్ణి. తర్వాత కొన్నాళ్లు షాపులకు స్టీలు అక్షరాలు కోసే చోట డిజైన్లు గీశాను. రేకులో 'ప' కోస్తే తలకట్టు విడిగా ఊడొస్తుంది. 'అమ్మ' కోస్తే ఒత్తు చేతిలో మిగులుతుంది. వెనక సన్న కడ్డీ వేసి వెల్డింగ్ చేయాలి, లేదంటే పక్క అక్షరానికి ఆనించాలి. చైనీస్‌లోనూ ఇదే తంటా, చుక్కలూ గీతలూ చాలావరకు విడివిడిగానే ఉంటాయి. ఆయన వాటిని ఒకదాని ఆసరాతో ఒకటి నిలబెట్టాడు. కుంచె ఒత్తితే లావు, తేలిస్తే సన్నం. స్టీలుకు ఆ గుణం లేదు కాబట్టి లావూ సన్నం ముందే గీసుకోవాలి. అంటే చేయి తిరిగినవాడు కావాలి.

మరి మనం? ఏ ఊరి కూడలికెళ్లినా ఇంగ్లీషులో 'ఐ లవ్', పక్కన ఎర్ర గుండె, ఆ పక్కన ఊరి పేరు. తెలుగులో పెట్టినా కంప్యూటర్లో దొరికిన ఫాంటే. ఎంత ఎత్తు, ఎన్ని లైట్లు అని చూసుకుంటారు గానీ అక్షరం ఎవరు గీస్తారని అడిగినవాళ్లను నేను చూడలేదు. తెనాలిలో ఇనప తుక్కుతో నిలువెత్తు విగ్రహాలు చేసే శిల్పులున్నారు. వాళ్ల పక్కన ఒక బోర్డు ఆర్టిస్టును కూర్చోబెట్టి ఒక పద్యం ఇస్తే సరిపోదా? మున్సిపాలిటీలు టెండరులో ఆ ఒక్క లైను చేర్చాలి.

మీకూ ఒక మనవి. ఈసారి అలాంటి ఫొటో వేసినప్పుడు ఆ కవితను తెలుగులో నాలుగు లైన్లు పక్కన వేయండి.

- ఒక రిటైర్డ్ బోర్డు ఆర్టిస్టు, గుంటూరు జిల్లా