ఆవిర్ల రోజుల్లో నా చెయ్యి పట్టుకున్నవాళ్ళకి

అందరికీ నమస్కారమండి. నాకు 68 ఏళ్ళు, అంబాజీపేట దగ్గర కొబ్బరికాయల వ్యాపారం. పోయినేడాది ప్రోస్టేట్ క్యాన్సర్ అని తేలింది, రేడియేషన్ అయింది, మూడు నెలలకోసారి పొట్ట దగ్గర హార్మోన్ ఇంజెక్షన్ నడుస్తోంది. ఈ క్యాన్సర్ ఎలా ఉందో రక్తపరీక్షలో చూపించే పీఎస్‌ఏ అనే అంకె 46 నుంచి 0.4కి దిగింది. అందుకు డాక్టర్లకి ఎన్ని దణ్ణాలు పెట్టినా తక్కువే. ఇవాళ మాత్రం ఆ ఇంజెక్షన్‌తో పాటు వచ్చిన వేడి ఆవిర్ల గురించి, అవి తట్టుకోవడానికి నాకు సాయం చేసినవాళ్ళ గురించి రాస్తున్నాను.

మగాళ్ళకి కూడా ఇవి వస్తాయని నాకు అసలు తెలీదు. మొదటిసారి కొట్లోనే వచ్చింది. లారీకి కాయలు లెక్కపెట్టి ఎక్కిస్తున్నాం, ఉన్నట్టుండి గుండెల దగ్గర సెగ మొదలై మెడ మీదుగా మొహంలోకి పాకింది, చెవులు కాలిపోతున్నాయి, చొక్కా వీపుకి అంటుకుపోయింది, నాలుగు నిమిషాలకి అంతా పోయి వెంటనే చలి. లెక్క తప్పింది. కుర్రాళ్ళు నా మొహం చూస్తున్నారు, నాకేమో గుండెపోటేమోనని భయం. తరవాత రోజుకి పది, పన్నెండు సార్లు, రాత్రి నిద్రలో మూడు నాలుగు సార్లు. అసలే మే నెల, మన కోనసీమ ఉక్కపోత సంగతి తెలిసిందే కదా, పట్టిన చెమట ఆరి చావదు, దానికి తోడు కరెంటు పోయిందంటే ఇంక నరకమే.

రాజమండ్రి ఆసుపత్రిలో సిస్టర్ గారికి చెప్పుకుంటే ఆవిడ నవ్వలేదు, "మామూలేనండి" అని కొట్టిపారెయ్యనూ లేదు. కుర్చీ లాక్కుని కూర్చుని విడమరిచి చెప్పారు. ఈ క్యాన్సర్‌కి టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోన్ మేత లాంటిదట, ఇంజెక్షన్ ఆ మేత ఆపేస్తుంది, కానీ ఒంటి వేడిని చూసుకునే మెదడు భాగం దాంతో తికమకపడి, ఒళ్ళు మామూలుగా ఉన్నా వేడెక్కిపోయిందనుకుని చెమట పట్టించేస్తుందట. ఈ మందు తీసుకునే మగాళ్ళలో ఎక్కువమందికి ఇలాగే ఉంటుందన్నారు. ఆ మాటకే సగం టెన్షన్ పోయింది. తల్లీ, మీకు ముందుగా కృతజ్ఞతలు.

ఆవిడే ఓ పుస్తకం పెట్టమన్నారు. ఎప్పుడొచ్చింది, దానికి ముందు ఏం తిన్నాను, ఏం చేస్తున్నాను, అన్నీ రాయాలి. వ్యాపారస్తుణ్ణి కదా, చిట్టా రాయడం నాకు చేతకాని పనా. మూడు వారాలకి బయటపడింది: పొగలు కక్కే టీ తాగిన పది నిమిషాలకి ఒకటి, కొత్తావకాయ తిన్న పూట రెండు, ఎవరితోనైనా బాకీ దగ్గర మాటా మాటా పెరిగితే ఒకటి ఖాయం. ఇప్పుడు టీ చల్లార్చుకునే తాగుతున్నాను. ఆవకాయ మానలేదండి, మధ్యాహ్నం ఒక్కపూటకి తగ్గించాను.

యోగా మాస్టారు గారికి కూడా చాలా రుణపడ్డాను, ఒక్క రూపాయి తీసుకోలేదు ఆయన. ఆవిరి మొదలవుతోందనగానే పొట్టతో నెమ్మదిగా ఊపిరి తీసి వదలడం, నిమిషానికి ఆరు సార్లకి మించకుండా, ఇది నేర్పారు. సిస్టర్ గారు దానికి ఇంకోటి కలిపారు. "ఆ నిమిషంలో మనసులో ఏమనుకుంటున్నారు?" అనడిగారు. నిజం చెప్పాను, అందరూ నన్నే చూస్తున్నారు, వీడి పని అయిపోయిందనుకుంటున్నారు అని. "ఇది జబ్బు కాదు, మందు పని చేస్తోంది, నాలుగు నిమిషాల్లో పోతుంది, అనుకోండి" అన్నారు. ఇంగ్లండులో ఇదే మందు మీదున్న మగాళ్ళకి ఇలా ఆలోచన మార్చుకోవడం నేర్పించి చూశారట, ఆరు వారాలకి బాధ తగ్గిందని తేలిందట. నాకూ ఆవిర్లు పూర్తిగా పోలేదు, కానీ వచ్చినప్పుడు కాయల లెక్క తప్పడం లేదు.

ఒంటికి సన్నటి సూదులు గుచ్చే ఆక్యుపంక్చర్‌కి కూడా ఆరు వారాలు వెళ్ళాను. దీని మీద జరిగినవన్నీ కొద్దిమందితో చేసిన చిన్న చిన్న పరిశోధనలేనని డాక్టరు గారు ముందే చెప్పారు, పోనీ ప్రయత్నించండి అన్నారు. నా పుస్తకం ప్రకారం రాత్రి ఆవిర్లు నాలుగు నుంచి రెండుకి వచ్చాయి.

హైదరాబాదులో ఉన్న మా అబ్బాయి ప్రేమకొద్దీ ఆవిర్లకని బ్లాక్ కోహోష్ అనే మూలిక మాత్రలు తెప్పించాడు. డబ్బా తీసుకెళ్ళి చూపించాను కాబట్టి సరిపోయింది, వాటితో లివర్ దెబ్బతిన్నవాళ్ళున్నారని డాక్టరు గారు వద్దన్నారు. బలానికని ఎవరో ఇచ్చిన లేహ్యం కూడా అంతే, ఇంజెక్షన్ తగ్గిస్తున్న హార్మోన్‌ని అది పెంచితే ఏం గతి? ఆవిర్లు మరీ భరించలేకపోతే దానికి డాక్టర్ల దగ్గర మాత్రలు కూడా ఉన్నాయి, కాబట్టి చెప్పుకోవడానికి మొహమాటపడకండి.

ఇంక మా ఆవిడ. ఓ రాత్రి రెండింటికి కరెంటు లేదు, అరుగు మీద కూర్చుని బనీను పిండుకుంటున్నాను. తను నూతి దగ్గర తువాలు తడిపి తెచ్చి నా మెడ వెనక వేసి, తాటాకు విసనకర్రతో విసురుతూ, "నాకు పన్నెండేళ్ళ కింద, ముట్లుడిగినప్పుడు, ఇలాగే ఉండేదండి" అంది. నాకు గుర్తొచ్చింది. అప్పట్లో అర్ధరాత్రి లేచి నూతిగట్టు మీద కూర్చునేది, నేనేమో "నిద్ర పాడుచేస్తావేంటి, వచ్చి పడుకో" అని విసుక్కునేవాణ్ణి. ఏమైందని ఒక్కనాడు అడగలేదు. మెడ వెనక తడిగుడ్డ, పక్కన మంచినీళ్ళ చెంబు, దుప్పటి బదులు రెండు పల్చటి నూలు పంచెలు, ఇవన్నీ తనే కనిపెట్టుకున్న ఉపాయాలు, ఎవరూ నేర్పలేదు. ఆ రాత్రి నా నోటెంట మాట రాలేదు, తెల్లారాక చెప్పాను, క్షమించమని. అందరి ముందూ ఇక్కడ ఇంకోసారి చెప్తున్నాను.

ఇంకా మూడు ఇంజెక్షన్లున్నాయి. మా చుట్టుపక్కల ఎవరైనా ఇదే మందు మీదుంటే సాయంత్రం ఐదు తరవాత కొట్టుకి రండి, బొండాం కొట్టిస్తాను, పుస్తకం చూపిస్తాను. మీ ఇంటావిణ్ణి కూడా తీసుకురండి, మా ఆవిడ కూర్చోబెట్టి మాట్లాడతానంది.