పదహారు పేజీలు లేని దొంగ కథ: ప్రచురణ సంస్థకు ఫిర్యాదు లేఖ

హనుమకొండ

ప్రచురణ సంస్థ ఫిర్యాదుల అధికారి గారికి,

విషయం: మీరు ప్రచురించి, మీ వెబ్‌సైట్ ద్వారా అమ్మిన నవలలో 209 నుంచి 224 వరకు పేజీలు లేకపోవడం, బదులుగా పంపిన ప్రతిలోనూ అదే లోపం ఉండడం.

ఆర్యా,

కాకతీయుల నాటి ఓరుగల్లులో ఒక గజదొంగ ప్రేమకథగా మీరు వెలువరించిన చారిత్రక కాల్పనిక నవలను 450 రూపాయలు చెల్లించి మీ దగ్గరే నేరుగా కొన్నాను. నేను తెలుగు ఉపాధ్యాయుడిగా పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. కోటకు దగ్గరలోనే ఉంటున్నాను కనుక, మట్టికోట దాటి రాతికోటలోకి చొరబడే దొంగ కథ అనగానే ఆశపడి తెప్పించుకున్నాను.

మా ఆవిడకు కంటి శుక్లాల ఆపరేషన్ జరిగినందువల్ల, రోజూ రాత్రి భోజనాలయ్యాక ఇరవై పేజీల చొప్పున నేను పైకి చదువుతుంటే ఆమె వినేది. పదకొండో రాత్రి 208వ పేజీ చివరికి వచ్చాం. కథలో అమావాస్య. నగల వర్తకుడి ఇంటి వెనక గోడకు దొంగ కన్నం వేశాడు. లోపల ఎవరైనా మేలుకొని ఉన్నారేమో తెలుసుకోవడానికి, తన తల దూర్చకుండా, కర్రకు గుచ్చిన బొమ్మ తలను ముందుగా కన్నంలోంచి పెట్టాడు. లోపలి చీకట్లోంచి ఒక చెయ్యి వచ్చి ఆ బొమ్మ తలను మెల్లగా నిమిరింది. అక్కడితో పేజీ అయిపోయింది. తిప్పితే ఎదురుగా 193వ పేజీ ఉంది. దొంగ మళ్ళీ ఇంట్లో కూర్చుని కన్నపుకత్తికి సాన పట్టుకుంటున్నాడు.

ముందు నేనే పేజీలు తప్పుగా తిప్పాననుకున్నాను. లెక్క చూస్తే 193 నుంచి 208 వరకు ఉన్న పేజీలే రెండోసారి కుట్టి ఉన్నాయి. ఆ వెంటనే 225 మొదలవుతోంది. అప్పటికి దొంగకూ ఆ వర్తకుడి కూతురికీ గాంధర్వ వివాహం కూడా జరిగిపోయింది. పుస్తకం పదహారు పేజీల ఫారాలుగా అచ్చవుతుందని మీకు నేను చెప్పనక్కర్లేదు. పదమూడో ఫారం రెండుసార్లు చేరి, పద్నాలుగో ఫారం అసలు చేరలేదు. కుట్టుకు ముందు ఫారాలను వరుసగా పేర్చేటప్పుడు జరిగిన పొరపాటు ఇది.

ఈ సంగతి ఫోటోలతో సహా రాస్తే, పుస్తకం అందిన ఏడు రోజుల్లోపే ఫిర్యాదు చేయాలని మీ కార్యాలయం నుంచి జవాబు వచ్చింది. గ్లాసు పగిలితే పెట్టె విప్పగానే తెలుస్తుంది. నవల మధ్యలో పేజీలు లేకపోతే అక్కడి దాకా చదివిన మనిషికే తెలుస్తుంది. ఏడు రోజుల్లో 208వ పేజీకి చేరుకోని పాఠకుడికి హక్కు ఉండదనడం ఏ న్యాయమో నాకు అర్థం కాలేదు. మూడో ఉత్తరం తర్వాత మరో ప్రతి పంపారు. అందులోనూ చెయ్యి బొమ్మ తలను నిమిరిన చోటి నుంచి దొంగ తిరిగి కత్తి దగ్గరికే వెళ్ళాడు. ఫోన్ చేస్తే, పునర్ముద్రణలో సరిచేస్తామన్నారు. పునర్ముద్రణ ఎప్పుడో తెలియదు. అది జరిగినా నేను డబ్బిచ్చి కొన్నది ఈ ముద్రణను.

లేని పేజీలు ఏవో వర్ణనలైతే నేనూ సర్దుకునేవాణ్ణి. ఆ వర్తకుడి భోషాణంలోని రత్నహారం మోటుపల్లి రేవు దగ్గర దెబ్బతిన్న ఓడలోది. గణపతిదేవ చక్రవర్తి 1244లో వేయించిన మోటుపల్లి అభయశాసనం ప్రకారం, తుఫానుకు చిక్కిన ఓడల సరుకును మునుపటి రాజుల్లా లాక్కోకూడదు. తగిన సుంకం తీసుకుని మిగిలినది సొంతదారులకే వదిలిపెట్టాలి. ఆ లెక్కన ఆ హారం వర్తకుడి ఇంటికి దొంగసొమ్ముగానే చేరింది. మన దొంగ దాన్ని తన కోసం ఎత్తుకెళ్ళడానికి వచ్చాడా, ఓడ యజమానికి చేర్చడానికా అన్నది 208 దాకా తేలలేదు. 225లో ఆ అమ్మాయి, “ఆ రాత్రి నువ్వు చెప్పిన మాట విన్నాకే నీ చెయ్యి పట్టుకున్నాను” అంటుంది. ఆ మాట ఏమిటో మీ గిడ్డంగిలో ఉన్న ఫారానికే తెలియాలి.

రచన మీద నాకు ఫిర్యాదు లేదు. సంస్కృత కవి దండి రాసిన దశకుమారచరితంలో దొంగతనాలకు దిగే అపహారవర్మ రాత్రి బయలుదేరేటప్పుడు బొమ్మ తలను, దీపాలు ఆర్పే పురుగుల భరిణెను వెంట తీసుకెళతాడు. ఆ కావ్యాన్ని 13వ శతాబ్దంలో కేతన తెనిగించి తిక్కనకు అంకితమిచ్చాడు. మన భాషలో దొంగ కథానాయకుడు అంత పాతవాడు. ఈ రచయిత ఆ సరంజామాను చక్కగా వాడుకున్నారు. కంటికి రాసుకుంటే మాయమైపోయే కాటుకనూ నేను కిమ్మనకుండా నమ్మాను. కావలివాడి కళ్ళలో మిరప్పొడి చల్లడం మాత్రం నమ్మలేకపోయాను. మిరపకాయ పోర్చుగీసువారి రాక తర్వాత గానీ ఈ దేశానికి చేరలేదు. మిరియాల పొడి సరిపోయేది. అట్ట మీద “చారిత్రక” అని అంత పెద్ద అక్షరాలతో వేసినప్పుడు ఇలాంటివి ఒకసారి చూపించుకుంటే బాగుండేది. ఇది ప్రసక్తవశాత్తు చెప్పిన మాటే.

కాబట్టి, పంపే ముందు మీ ఉద్యోగి ఎవరైనా 209 నుంచి 224 వరకు పేజీలను స్వయంగా విప్పి చూసిన ప్రతిని నాకు పంపాలని కోరుతున్నాను. అలాంటి ప్రతి లేకపోతే, రచయిత అనుమతితో ఆ పదహారు పేజీలను విడిగా అచ్చువేసి పంపినా చాలు. వాటిని నేనే అతికించుకుంటాను. రెండూ కుదరకపోతే 450 రూపాయలు తిరిగి ఇవ్వండి. ఈ ముద్రణ కొన్న మిగతావారికి కూడా లోపం సంగతి మీరే తెలియజేయాలి.

ఆన్‌లైన్ అమ్మకాల మీద వచ్చిన ఫిర్యాదు అందినట్లు 48 గంటల్లో తెలిపి, నెలలోపు పరిష్కరించాలని 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు చెబుతున్నాయి. ఆ గడువు దాటితే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కు వెళతాను. 5 లక్షల రూపాయల లోపు కొనుగోళ్ళకు అక్కడ రుసుము కూడా లేదు.

మా ఆవిడ 225వ పేజీ వినడానికి ఒప్పుకోవడం లేదు. మొదటి ప్రతి 208 దగ్గర గుర్తుతో అలమరలో ఉంది, రెండోది మీరు పంపిన అట్టపెట్టెలోనే ఉంది. సరైన ప్రతి తెచ్చిన మనిషికి ఆ రెండూ అప్పగిస్తాను.

ఇట్లు,
మీ పాఠకుడు

జతపరచినవి: రశీదు నకలు, రెండు ప్రతుల్లోని 208, 193, 225 పేజీల ఫోటోలు, మీ కార్యాలయం పంపిన జవాబులు.