ఎత్తుపీట ఇక్కడే ఉంది

రాజమహేంద్రవరం,
ఆదివారం, మధ్యాహ్నం.

చి. ల. సౌ. లలితను మీ నాన్న ఆశీర్వదించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం. అక్కడ నువ్వు, అల్లుడుగారు, బుజ్జిగాడు క్షేమమని తలుస్తాను.

ఫోను ఉండగా ఉత్తరమేమిటని అల్లుడుగారు నవ్వితే నవ్వనీ. ఫోను చేస్తే, "మీటింగులో ఉన్నాను నాన్నా, తరవాత చేస్తాను" అంటావు. ఆ తరవాతకి ఇవాళ్టికి పదకొండు రోజులు. నేనేమీ లెక్కపెట్టడం లేదు. మీ అమ్మ క్యాలెండర్ మీద పాల లెక్క గీతల పక్కన ఇంకో వరస గీతలు పెడుతోంది, అవేమిటని అడిగితే తెలిసింది.

ఇక్కడ చెప్పుకోదగ్గ విశేషాలేమీ లేవు. పెరట్లో కరివేపాకు చెట్టుకు మళ్లీ ఆకుముడత వచ్చింది. వీధి గదిలో పై పెచ్చు ఊడిపడింది. తాపీమేస్త్రి రేపు, రేపు అంటున్నాడు. మీ అగ్రహారం తాతయ్యకు రెండో కంటికి కూడా ఆపరేషన్ అయింది. ఇప్పుడు ఎవరింటికి వెళ్లినా గోడల మీద మరకలన్నీ ఆయనకే కనిపిస్తున్నాయి.

మొన్న మీ రమణత్తయ్య వచ్చింది. విజయ ఏదో ఫొటో పంపిందట, మీరంతా హోటల్లో కలిసినప్పటిది. అందులో బుజ్జిగాడి నుదుటి మీద, కుడివైపు, మచ్చలాంటిది ఉంది. "కుర్చీ మీంచి పడ్డాడటగా అన్నయ్యా, నీకు చెప్పలేదా?" అంది. చెప్పకపోవడమేమిటి, అంతా తెలుసన్నట్టు తల ఊపాను. ఆవిడ వెళ్లాక ఆ ఫొటో పెద్దది చేసి చూశాను. ఎంత పెద్దది చేస్తే అంత మసకబారింది. దిష్టిచుక్క అనుకుందామంటే దిష్టిచుక్క బుగ్గన కదా పెడతారు. రమణ మాటలు పదింటికి రెండు నిజమవుతాయని నాకు తెలుసు. అందుకే నేను ఆ సంగతి అడగడం లేదు.

దసరాకు వచ్చినప్పుడు నేనన్న మాట గురించి కూడా రాయదలచుకోలేదు. కానీ పెన్ను పట్టుకున్నాక అదే వస్తోంది. నువ్వు బెంగళూరు నుంచి మోసుకొచ్చిన ఆ బూస్టర్ సీటును, అదే పిల్లవాడికి బల్ల అందేలా కుర్చీ మీద వేసే సీటును, మన భోజనాల బల్ల దగ్గర కుర్చీకి బిగించి, వాణ్ణి అందులో కూర్చోబెట్టి పప్పన్నం పెడుతున్నావు. వాడు హాయిగానే తింటున్నాడు. నేనే ఊరుకోలేక, "పిల్లవాణ్ణి కుర్చీకి కట్టేసి తిండి పెట్టడమేమిటి, వాడేమైనా దొంగతనం చేశాడా? మిమ్మల్నందరినీ ఒళ్లో కూర్చోబెట్టుకుని పెంచలేదూ, ఎవరికేమైంది?" అన్నాను. పదిమంది ఉన్నారు. నవ్వారు. నువ్వు ఒక్క మాట అనలేదు. బెల్టులు విప్పి, తడిగుడ్డతో తుడిచి, మడిచి పక్కన పెట్టేశావు. ఆ తరవాత రెండు రోజులూ వాణ్ణి ఒళ్లో పెట్టుకునే తినిపించావు. నీ చీర మీద పెరుగు మరకలు చూస్తూనే ఉన్నాను.

వెళ్లేటప్పుడు దాన్ని ఇక్కడే వదిలేశావు. మరిచిపోయి వెళ్లావో, కావాలనే వదిలి వెళ్లావో నాకు తెలియదు. మీ అమ్మ దానికి ఎత్తుపీట అని పేరు పెట్టి అటక మీద పెట్టింది. రమణ ఆ మాట అన్న రాత్రి నాకు తోచిందేమిటంటే, ఎత్తుపీట ఇక్కడ ఉంటే మరి హోటల్లో వాడు దేని మీద కూర్చున్నాడు?

సరే, అది వదిలేద్దాం. దాన్ని కిందికి దింపాను. ముప్ఫై నాలుగేళ్లు డిపోలో బస్సుల కింద పడుకున్నవాణ్ణి, ఏ వస్తువైనా తిరగేసి చూడనిదే నమ్మను. అడుగున చీటీ మీద ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు, పదిహేను కిలోల వరకు అని ఉంది. వాడికి అన్నప్రాశన ఆరో నెలలో చేశాం, అప్పటికి ఆనుకోకుండా కూర్చుంటున్నాడు కాబట్టి ఆ లెక్క సరిపోయింది. పదికిలోల బియ్యం మూట కట్టి అందులో కూర్చోబెట్టి బెల్టులు పెట్టాను. మీ అమ్మ చూసి, "ముద్దలు కూడా పెట్టండి" అంది. ఆవిడ మాటలకేం గానీ, ఇంట్లోవీ, పక్కింట్లోవీ కలిపి నాలుగు రకాల కుర్చీల మీద పరీక్ష చేశాను. చెబుతాను విను.

భోజనాల బల్ల దగ్గరి చెక్క కుర్చీకి దీటైంది లేదు. సీటు సమంగా ఉంటుంది, వీపు నిటారుగా ఉంటుంది. ఒక బెల్టు వీపు చుట్టూ, ఒకటి సీటు కింద నుంచి తిప్పి లాగాను. రెండు చేతులతో పట్టుకుని ఊపితే కుర్చీ కదిలింది గాని పీట కదలలేదు. అలా ఉండాలి. ఇక ఫంక్షన్ హాళ్లలో వేసే ప్లాస్టిక్ కుర్చీ. దాని నడుమ పల్లంగా ఉంటుంది, పీట నాలుగు మూలలూ ఆనవు. వీపు పైకి పోయేకొద్దీ వెనక్కి వాలుతుంది కాబట్టి బిగించిన బెల్టు మెల్లగా జారుతుంది. కుర్చీకే బరువు లేదు, దాని మీద ఇంకో అంతస్తు వేస్తే ఏమవుతుంది? మారేడుమిల్లి ఘాట్‌లో టాపు మీద బస్తాలెక్కించిన బస్సు మలుపు తిరుగుతుంటే ఎలా ఒరిగేదో నేను చూశాను. మూటను కాస్త పక్కకు తోశాను, అంతే, కుర్చీతో సహా పడింది. బియ్యం వసారా అంతా. ఆ పూట మీ అమ్మ నాతో మాట్లాడలేదు. ఇనప మడత కుర్చీ ఇంకా మోసం. కింది బెల్టు మడత పడేచోటే వస్తుంది. స్టూలుకు వీపే లేదు, బెల్టు దేనికి కడతాం?

ఇంకొకటి. వాడు కాళ్లు ఊపుతాడు కదా. బల్ల అంచుకు గాని బల్లకాలికి గాని పాదాలు ఆనాయంటే ఒక్క తాపు తంతాడు. కొన్ని హోటళ్లలో బల్లలు నేలకు బిగించి ఉంటాయి. బల్ల కదలదు, కుర్చీయే వెనక్కి పోతుంది. వాడి కాళ్లు అందనంత ఎడంగా కుర్చీ జరపాలి. అలాగే నడుము బెల్టు ఒక్కటే పెట్టి కాళ్ల మధ్య పట్టీ వదిలేస్తే కిందికి జారిపోతాడు. ట్రే ఉంది కదా అని ధీమా పడకూడదు. ట్రే గిన్నె పెట్టుకోవడానికి, పిల్లవాణ్ణి ఆపడానికి కాదు. ఎంత బిగించినా చెయ్యి చాపితే అందేంత దూరంలోనే ఉండాలి, ఫోను చూసుకుంటూ కాదు. అల్లుడుగారు దాన్ని కారులో కూడా వాడదామంటారేమో, కారులో పిల్లల సీటు వేరు, ఇది పనికిరాదు. హోటల్ వాళ్ల ఎత్తు కుర్చీలుంటాయిగా అంటావు. ఉంటాయి. వాటిలో బెల్టు ఉన్నది ఎన్నో, ఉన్న బెల్టుకు బకిల్ పనిచేసేది ఎన్నో చూడు.

పాఠం మొదలుపెట్టానని నీకీపాటికి విసుగు వచ్చి ఉంటుంది. నీకు ఇవన్నీ తెలుసు. తెలియకపోతే దాన్ని అంత చక్కగా బిగించేదానివి కాదు. తెలియనివాణ్ణి నేను. అందుకే నీకు ఇంకో సంగతి చెప్పాలి.

నీ కుడి మణికట్టు మీద మచ్చ ఉంది కదా, వాచీ పెట్టుకునే చోట. చిన్నప్పుడు పెళ్లిలో వడ్డన కుర్రాడు చారు ఒలకబోశాడని మేము చెబితే అదే నమ్మావు. 1993 వేసవి, మండపేటలో మీ సుబ్బలక్ష్మి పిన్ని పెళ్లి. నీకు పదహారో నెల. నేను రాత్రి డ్యూటీ దిగి నిద్ర లేకుండా బస్సెక్కి వచ్చాను. మీ అమ్మ లోపల పెళ్లికూతురి దగ్గర ఉంది. రెండో బంతిలో నిన్ను తీసుకుని కూర్చున్నాను. బల్లల మీద కాగితం చుట్ట పరిచి అరిటాకులు వేశారు. నాది మడత కుర్చీ, నువ్వు నా ఎడమ తొడ మీద. ఆకు మీద ఏది పడితే అది లాగుతున్నావు. ఒక చేత్తో నిన్ను పట్టుకుని ఇంకో చేత్తో తింటున్నాను. పక్కన మీ అగ్రహారం తాతయ్య. ఆయన కాకినాడ నుంచి మండపేటకు రామచంద్రపురం మీదుగా రావడమే దగ్గరంటాడు, నేను కాదంటాను. ఎవరికేం ఒరుగుతుంది చెప్పు? కానీ ఆ పూట అదేదో ఆస్తి తగాదా అయినట్టు వాదించాను. నీ నడుము మీద చెయ్యి తీసి దారి కూడా గీసి చూపించాను, ఆకు మీద పప్పుతో.

చారు బకెట్టు వచ్చింది. పద్ధెనిమిదేళ్ల కుర్రాడు, వంటాయన కొడుకే. "బాబుగారూ, పాప చెయ్యి తీయండి" అన్నాడు. విన్నాను. మళ్లీ అన్నాడు. అదీ విన్నాను. ఆ ఒక్క మలుపూ చెప్పేసి చూద్దామనుకున్నాను. వెనక బంతి వాళ్లు తొందరపెడుతుంటే అతను గరిటె వంచాడు, నువ్వు చెయ్యి చాపావు.

నీ అరుపు ఇప్పటికీ చెవుల్లో ఉంది. ఎవరో సిరా తెచ్చి పూశారు, ఎవరో తడిపిన పిండి రాశారు. అప్పుడు మాకెవరికీ తెలియదు. తరవాత డిపోలో ప్రథమ చికిత్స తరగతిలో చెప్పారు, కాలిన చోట ఇరవై నిమిషాలు పంపు కింద మామూలు నీళ్లు పోయాలని, పిండీ సిరా రాయకూడదని. మీ అమ్మ పరుగెత్తుకొచ్చేసరికి నేను లేచి ఆ కుర్రాడి మీద అరుస్తున్నాను, కళ్లు కనబడటం లేదా అని. వాళ్ల నాన్న వచ్చి అందరి ముందూ వాణ్ణి చెంప మీద కొట్టాడు. వాడు నా వంక చూశాడు. నేను రెండుసార్లు చెప్పానండీ అని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. బకెట్టు తీసుకుని పక్క వరసకు వెళ్లిపోయాడు.

మీ అమ్మ ఇప్పటికీ ఆ కుర్రాణ్ణే తిడుతుంది. నేను ఎప్పుడూ కాదనలేదు. దసరానాడు ఒళ్లో పెంచలేదా, ఎవరికేమైంది అని అంత ధైర్యంగా అన్నప్పుడు నువ్వు ఆ చేత్తోనే బెల్టులు విప్పుతున్నావు. ఈ కాగితం మీ అమ్మకు చూపించాలో వద్దో ఇంకా తేల్చుకోలేదు.

సరే. మాఘంలో చినబాబు పెళ్లికి రావడం ఖాయమేనా? శేషాద్రి ఎక్స్‌ప్రెస్‌కే కదా టికెట్లు? కింది బెర్తు దొరికేలా చూసుకో. రైల్లో ఈ పీటలేవీ పనికిరావు, వాణ్ణి ఒళ్లో నిటారుగా కూర్చోబెట్టుకుని బండి స్టేషన్లో ఆగినప్పుడు తినిపించు. వేరుశనగ పలుకులు అసలు ఇవ్వవద్దు, ద్రాక్షపళ్లు కోయకుండా ఇవ్వవద్దు, పక్కసీటు వాళ్లు ప్రేమగా పెట్టినా సరే. గొంతుకు అడ్డం పడతాయి. మెత్తగా మెదిపిన పెరుగన్నం రాత్రికి ఉంటుంది గాని ఉదయానికి పులుస్తుంది, ఇడ్లీ పెట్టుకో. శాలువా మరిచిపోకు. వాడికి టోపీ ఇష్టం లేదని మానేయకు.

పెళ్లి హాల్లో అన్నీ ప్లాస్టిక్ కుర్చీలేనని కనుక్కున్నాను. అందుకని వీధి గదిలో పాత టేకు కుర్చీ బయటికి తీశాను. ఒక కాలు కుంటేది. చెక్క బిళ్ల వేసి, కింద నాలుగు కాళ్లకూ రబ్బరు బుష్‌లు తొడిగాను, ఇప్పుడు గచ్చు మీద కూడా జారడం లేదు. ఎత్తుపీట బెల్టుల జోలికి మాత్రం వెళ్లలేదు, కంపెనీ వాళ్లు కుట్టినట్టే ఉంచాను. బకిల్‌లో ఎండిపోయిన పప్పన్నం ఉంటే పాత పళ్లబ్రష్‌తో గోరువెచ్చని నీళ్లలో కడిగాను. కుర్చీని ఆటోలో వేసుకుని కాకినాడ తెస్తాను. పెళ్లికి కుర్చీ మోసుకొచ్చాడని రమణ ఊరంతా చెబుతుంది. చెప్పనీ.

మీరు అక్కడ ఇంకో పీట కొన్నారా? కొనకపోతే ఒక్క మాట చెప్పు, రేపు సాయంత్రం బస్సు పార్సిల్‌లో వేసేస్తాను. ఇక్కడే ఉంటే మీరు పెళ్లికి రాక తప్పదని మీ అమ్మ ఆలోచన. నాకు అలాంటి ఆలోచనలు లేవు.

అల్లుడుగారిని అడిగినట్టు చెప్పు. ఆవకాయ సీసా విజయతో పంపాను, అందిందో లేదో చెప్పనేలేదు. ఆ మచ్చ దిష్టిచుక్కే అయితే అదే రాయి. కాకపోయినా రాయి, నేను కోప్పడను, కోప్పడే హక్కు నాకు లేదు, ఎందుకో పైన రాశాను కదా.

వాడి బరువు ఎంత వచ్చిందో కూడా తూచి చెప్పు. పదకొండైతే మూటలో ఇంకో కిలో పోసి మళ్లీ చూడాలి.

ఆశీస్సులతో,
నాన్న