బుజ్జీ, ఒక్కసారి మాట్లాడు

అమలాపురం,
2025, దసరా వెళ్ళిన నాలుగో రోజు.

చిరంజీవి బుజ్జికి నాన్న ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ అందరం కులాసా. నువ్వూ కులాసాగానే ఉన్నావని అనుకుంటున్నాం. ఫోన్లో చెప్పుకోవలసినవి కాగితం మీద ఎందుకు పెడుతున్నానంటే, నువ్వు ఫోన్ ఎత్తడం లేదు. దీన్ని ఫొటోలు తీసి నీకు పంపమని కిట్టూకి ఇస్తాను. అక్షరాలు మసకగా ఉంటే పెద్దవి చేసుకుని చదువు. కళ్ళు చికిలించి చదివితే నీకు తలనొప్పి వస్తుంది.

ఈసారి దసరాకి చెడీ తాలింఖానా ఊరేగింపు బాగా జరిగింది. కొంకాపల్లి కుర్రాళ్ళు కత్తులు తిప్పుతుంటే మీ అమ్మ ఎప్పటిలాగే భయపడి లోపలికి వెళ్ళిపోయింది. వానలు తగ్గలేదు. పెరట్లో పనస కొమ్మ విరిగి ప్రహరీ మీద పడితే చిన్నమామయ్య వచ్చి నరికించాడు. ఆకు వృథా కాకూడదని ఆ పూట మీ అమ్మ ఆ ఆకుల్లో ఇడ్లీ పిండి పోసి పొట్టిక్కలు వేసింది. వాసనకి పక్కింటి పిల్లలు కూడా వచ్చి తిన్నారు. నువ్వు తింటున్నావా సరిగ్గా? మధ్యాహ్నం అన్నం మానేసి ఆ కాఫీ గ్లాసు పట్టుకుని తిరుగుతున్నావేమో అని మీ అమ్మ అడగమంది.

పండక్కి రాజేశ్వరి అత్తయ్య వచ్చింది. డల్లాస్ నుంచి వాళ్ళ చిన్నవాడు ఏదో చెప్పాడట. హ్యూస్టన్‌లో మీ ఆఫీసులో ఈ ఏడు హిస్పానిక్ హెరిటేజ్ మంత్, అదే మెక్సికో లాంటి స్పానిష్ దేశాల మూలాలున్న వాళ్ళ పేరు మీద అమెరికాలో జరిపే నెల పండగ, జరపడం లేదని, నువ్వూ ఇంకొందరూ కలిసి సొంతంగా జరుపుతామని పేర్లతో మెయిల్ పెట్టారని, హెచ్ఆర్ వాళ్ళు నిన్ను పిలిచి మాట్లాడారని. నిజమో కాదో నాకు తెలియదు. దాని గురించి నిలదీయడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. నీ పని నువ్వు చూసుకోగలవు. కాకపోతే అత్తయ్య ఒక మాట అంది. "అది మనవాళ్ళ పండగ కాదు కదా అన్నయ్యా, దానికెందుకు ఆ తలనొప్పి?" అని. మీ అమ్మ ముందు నేను గట్టిగా ఏమీ అనలేదు గానీ, ఆ మాట రాత్రంతా నన్ను పడుకోనివ్వలేదు.

పోయిన సంవత్సరం మీ ఆఫీసులో ఆ పండగ చూసినవాణ్ణి కాబట్టి కొంచెం చెప్పనివ్వు.

ఆ పండగ చరిత్ర చెప్పే బోర్డు పని నీకు అప్పగించారు కదా. తేదీలన్నీ నా చేత సరిచూపించావు. నెల మధ్యలో, సెప్టెంబరు 15న ఎందుకు మొదలవుతుందని నేనడిగితే, 1821లో గ్వాటెమాలా, ఎల్ సాల్వడార్, హోండురాస్, నికరాగ్వా, కోస్టారికా దేశాలకు స్వాతంత్ర్యం వచ్చిన రోజని, మర్నాడు 16 మెక్సికో వాళ్ళదని చెప్పావు. 1968లో ప్రెసిడెంట్ జాన్సన్ దాన్ని ఒక వారం పండగగా మొదలుపెట్టాడు, 1988లో రీగన్ కాలంలో నెల అయింది. జాన్సన్ గురించి నేను నీకు చెప్పింది గుర్తుందా? కుర్రతనంలో, 1928లో, టెక్సాస్‌లోనే కొటులా అనే చిన్న ఊళ్ళో మెక్సికన్ కూలీల పిల్లలకి పాఠాలు చెప్పాడు ఆయన. ఆకలితో బడికొచ్చే ఆ పిల్లల్ని ఆయన మర్చిపోలేదు. బడిపంతులుగా చూసింది మనిషిలో ఎక్కడికీ పోదు, ఆ సంగతి నాకు తెలుసు.

ఒక అట్ట మీద పొట్టి పిడి పార బొమ్మ వేశావు. కాలిఫోర్నియా పొలాల్లో కూరగాయల మళ్ళు కలుపు తియ్యడానికి అదే ఇచ్చేవారట. పిడి అడుగు, అడుగున్నర. పొద్దుపొడిచిన దగ్గర్నుంచి నడుము వంచే ఉండాలి. పొడుగు పిడితో ఆ పని జరగదని కాదు. ఎవడు నిటారుగా నిలబడ్డాడో మేస్త్రీకి గట్టు మీద నుంచే కనిపించాలని అది. 1975లో గానీ దాన్ని నిషేధించలేదు. ఆ బొమ్మ ముందు నేను చాలాసేపు నిలబడ్డాను. మీ తాతయ్య ఆఖరి రోజుల్లో నడుము ఎత్తి నడవలేకపోవడం నువ్వు చూడలేదు, నేను చూశాను.

ఇక మీ ఆఫీసు హాల్లో ఆవేళ జరిగింది. అది నువ్వూ మర్చిపోలేదని, ఈ గొడవంతా అక్కణ్ణుంచే వచ్చిందని నా అనుమానం. తాళ్ళకి కట్టిన రంగు కాగితాలు, పువ్వులూ పిట్టలూ చిల్లులుగా కత్తిరించినవి, ఏసీ గాలికి ఊగుతున్నాయి. వాటిలో కొన్ని మీ అమ్మ కత్తిరించినవే, రాత్రి వద్దన్నా వినకుండా కూర్చుంది. పాటలు పెట్టారు. పెద్ద మేనేజరు వచ్చి, ఇక్కడ అందరూ మనవాళ్ళే అని మాట్లాడి వెళ్ళాడు. తరవాత తమాలేలు తెచ్చారు. మొక్కజొన్న పొత్తు తొడుగు విప్పితే ఆవిరి మీద ఉడికిన పిండిముద్ద, మీ అమ్మ వాసన చూసి "మన పొట్టిక్కల్లాగే ఉందండీ" అని ఎంత సంతోషపడిందో! లోపల మాంసం లేనివి ఏవో అడిగి తెలుసుకుని నువ్వే ఆవిడకి వడ్డించావు.

అందరూ తింటున్నప్పుడు ఒకావిడ బండి తోసుకుంటూ వచ్చింది. యాభై అయిదు దాటి ఉంటాయి, మీ అమ్మ వయసే. నీలం చొక్కా, జేబు మీద మీ కంపెనీ పేరు కాదు, ఇంకెవరిదో కాంట్రాక్టరు పేరు. నీ బోర్డు దగ్గరికొచ్చి, కింద నేల తుడవాలి, ఎప్పుడు తీస్తారని అడిగింది. నీ పక్క సీటు అమ్మాయి స్పానిష్‌లో జవాబు చెప్పింది. అప్పుడావిడ తలెత్తి బోర్డు చూసింది. ఆఖరి అట్ట మీద హ్యూస్టన్‌లో 2006 సమ్మె సంగతి రాశావు. పెద్ద పెద్ద భవనాలు రాత్రిళ్ళు శుభ్రం చేసేవాళ్ళకి గంటకి అయిదు డాలర్ల పైచిలుకు ఇచ్చేవారని, అదీ రోజుకి నాలుగ్గంటల పనేనని, ఇన్సూరెన్స్ లేదని, అక్టోబరు, నవంబరు నెలల్లో దాదాపు నెల్లాళ్ళు సమ్మె చేస్తే 5,300 మందికి ఒప్పందం కుదిరిందని. ఆవిడ మాప్ కర్ర మీద చెయ్యి ఆనించి పైనుంచి కింది దాకా చదివింది. చదివి, "ఇందులో నేనున్నాను" అంది. అప్పుడు తన చిన్నకొడుకు ఇంకా చంకలోనే ఉన్నాడని, సమ్మె ధర్నాకి వాణ్ణి కూడా తీసుకెళ్ళేదాన్నని చెప్పింది. ఏ దేశమమ్మా అంటే ఎల్ సాల్వడార్ అంది.

నువ్వు పరుగెత్తి ప్లేటు తెచ్చావు. ఆవిడ తీసుకోలేదు. డ్యూటీలో కూర్చుని తినకూడదు, సూపర్వైజరు చూస్తే ఇబ్బంది అంది. మీ అమ్మకి ఆ భాష రాకపోయినా సంగతి అర్థమైంది. రెండు తమాలేలు కాగితంలో చుట్టి ఆవిడ బండి మీద, సబ్బు సీసాల పక్కన పెట్టింది. ఆవిడ మీ అమ్మ చెయ్యి పట్టుకుని ఏదో అంది. మనకెవరికీ వినపడలేదు, పాట పెద్దగా ఉంది. పండగ ఎవరి పేరు మీద జరుగుతోందో వాళ్ళని ఆ హాల్లోకి పిలవలేదు. ఎవరూ కావాలని చేసి ఉండరు. ఉద్యోగుల లిస్టు ప్రకారం పిలిచారు, ఆవిడ ఆ లిస్టులో లేదు, అంతే. కానీ అదే అసలు సంగతి కదా తల్లీ. ఆ రాత్రి నువ్వు అన్నం ముట్టలేదు.

అందుకే ఈ ఏడు ఆ మెయిల్లో క్లీనింగ్ వాళ్ళని కూడా పిలవాలని నువ్వు రాశావంటే నేను ఆశ్చర్యపోను.

అత్తయ్యకి అప్పుడు చెప్పని జవాబు నీకు చెబుతున్నాను. 1965లో కాలిఫోర్నియా ద్రాక్షతోటల సమ్మె మొదలుపెట్టింది మెక్సికన్లు కాదు, ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన కూలీలు. వాళ్ళ నాయకుడు లారీ ఇట్లియాంగ్. ఎనిమిది రోజుల తరవాత, సెప్టెంబరు 16న, సీజర్ చావెజ్, డొలోరెస్ హ్వెర్టా నడిపే మెక్సికన్ కూలీల సంఘం వాళ్ళతో కలిసింది. అది మనవాళ్ళ సమ్మె కాదనుకుని ఉంటే ఆ అయిదేళ్ళ పోరాటమే లేదు. ఆ సెప్టెంబరు 24నే జాన్సన్, ప్రభుత్వ కాంట్రాక్టులు చేసే కంపెనీలు జాతి, రంగు చూసి వివక్ష చూపకూడదని ఆర్డరు ఇచ్చాడు. తొమ్మిది రోజులకి, అక్టోబరు 3న, వలసల చట్టం మీద సంతకం పెట్టాడు. మనవాళ్ళు వేలల్లో, లక్షల్లో అక్కడికి వెళ్ళగలిగింది ఆ చట్టం వల్లే. నువ్వు, రాజేశ్వరి అత్తయ్య కొడుకు, అందరూ. అప్పుడు వీధుల్లో దెబ్బలు తిన్నది మనం కాదు. నల్లవాళ్ళు తిన్నారు, ఈ మెక్సికన్లూ తిన్నారు. మీ ఊరి పక్కనే చూడు. షుగర్‌ల్యాండ్‌లో ఉండే మకారియో గార్సియా యుద్ధంలో పోరాడి, 1945లో ప్రెసిడెంట్ ట్రూమన్ చేతుల మీదుగా అన్నిటికంటే పెద్ద పతకం అందుకుని వస్తే, కొద్ది రోజులకే రిచ్‌మండ్‌లో హోటల్ వాళ్ళు వడ్డించం పొమ్మన్నారు. గొడవైతే కేసు కూడా ఆయన మీదే పెట్టారు. ఇప్పుడు షుగర్‌ల్యాండ్‌లో ఆయన పేరు మీద బడి ఉంది. మనం అదే ఊళ్ళో అష్టలక్ష్మి గుడికి వెళ్ళి హాయిగా పులిహోర తిని వచ్చాం. ఇవన్నీ ఒకదానికొకటి సంబంధం లేనివని నేను అనుకోను.

జాన్సన్ ఇచ్చిన ఆ ఆర్డరుని ఈ ఏడు జనవరి 21న రద్దు చేశారు. మీ కంపెనీ దేనికి భయపడిందో నాకు అర్థమవుతుంది. చాలా కంపెనీలు ఇలాంటివి ఆపేశాయి, కొన్ని పేర్లు మార్చుకున్నాయి. భయపడ్డ కంపెనీ ముందు తన మీదికి రానివ్వదు, మనిషి మీదికి తోస్తుంది. నా దిగులు అక్కడే.

నీది హెచ్1బీ వీసా. ఉద్యోగం పోతే చేతిలో ఉండేది 60 రోజులు. సెప్టెంబరులో ఆ వీసాకి లక్ష డాలర్ల ఫీజు అని టీవీలో కబురు వచ్చిన రాత్రి మీ అమ్మ దేవుడి గది వదల్లేదు. అది బయటి నుంచి కొత్తగా వచ్చేవాళ్ళకని, ఉన్నవాళ్ళకి కాదని కిట్టూ చదివి చెప్పాక కాస్త కుదుటపడింది. ఇప్పుడు హెచ్ఆర్ అని విన్నాక మళ్ళీ టెన్షన్. బీపీ మాత్ర వేసుకుందో లేదో నేను అడగాల్సి వస్తోంది.

నీ పేరు తీసేయమని నేను చెప్పను. ఆ మాట నా నోటి నుంచి రాదు. కానీ కొన్ని చెబుతాను, పాఠం చెబుతున్నానని విసుక్కోకు. ఆఫీసు మెయిల్, ఆఫీసు కంప్యూటర్ మీద ఇలాంటివి ఇక రాయకు. హెచ్ఆర్ వాళ్ళు నోటితో ఏమన్నా, "ఇలా అన్నారు, నేను ఇలా అర్థం చేసుకున్నాను" అని మర్యాదగా రాసి పంపు. వీసా కాగితాలు, జీతం స్లిప్పులు కాపీలు తీసి ఇంట్లో పెట్టుకో. ఒక లాయర్ని ముందే కలువు. ఫీజు నేను పంపుతాను, డబ్బుల గురించి ఆలోచించకు. పెనుమత్స మాస్టారి అల్లుడికి తెలిసినవాళ్ళు ఉన్నారట.

అన్నిటికంటే ముఖ్యం ఇంకోటి. ఆ క్లీనింగ్ ఆవిడలని పిలిచేముందు వాళ్ళకి అది కావాలో వద్దో వాళ్ళనే అడుగు. నీకు మంచి అనిపించింది వాళ్ళకి ప్రమాదం కావచ్చు. సూపర్వైజరు షిఫ్టులు తగ్గిస్తే నువ్వు భర్తీ చెయ్యలేవు. వాళ్ళ ఫొటోలు తీసి ఎక్కడా పెట్టకండి, పేర్లు రాయకండి. అక్కడ రోజులు బాగాలేవు, ఎవరింట్లో ఎవరి కాగితాలు ఎలా ఉన్నాయో మనకి తెలియదు. హాల్లో కుదరకపోతే ఏదైనా పార్కులో ఆదివారం పెట్టుకోండి, వాళ్ళ డ్యూటీ లేని గంట చూసి. అక్కడైతే ఆవిడ కూర్చుని తింటుంది. ఖర్చు ఎంతవుతుందో చెప్పు, అందులో మాదీ ఒక వాటా వేసుకో. మీ అమ్మ కూడా అదే అంది.

అత్తయ్య చెప్పింది నిజం కాకపోతే కాదని ఒక్క ముక్క రాయి. నిజమైతే ఏమన్నారో వివరంగా చెప్పు. మంచో చెడో నీ నోటి నుంచి వింటే మేం తట్టుకోగలం. ఎవరో చెబితే వినడం కష్టంగా ఉంది.

చలికాలం వస్తోంది. పోయిన ఏడు కొన్న స్వెట్టరు ఆ అట్టపెట్టెలోనే ఉంది, ఎండలో వేసి వాడు. కిట్టూ స్నేహితుడు ఈ నెల చివర్లో హ్యూస్టన్ వస్తున్నాడు. సున్నుండలు రెండు డబ్బాలు ఇస్తున్నాం. ఒకటి నీకు, ఒకటి ఆ క్లీనింగ్ ఆవిడకి అని మీ అమ్మ మూతల మీద రాసింది. ఆవిడకి షుగర్ ఉందేమో ముందు కనుక్కో. ఉంటే జంతికలు ఇవ్వు, అవీ పెడుతున్నాం.

ఇట్లు,
నాన్న